సముద్రం మీద పోలీసు బోటు చెయ్యెత్తితే

చిరంజీవి చిన్నబాబుకు మామయ్య ఆశీస్సులు.

ఆదివారం రాత్రి ఫోన్లో నువ్వు అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చెన్నై పక్క కోవళం అవతల మెరైన్ పోలీసులు మీ బోటు ఆపారు, ముప్పావుగంట నిలబెట్టారు, కోడలి ఎదుట బ్యాగులన్నీ విప్పించారు, "వాళ్లకేం హక్కుంది మామయ్యా" అన్నావు. కోపంలో ఉన్నవాడికి ఫోన్లో ఏం చెప్పినా ఎక్కదని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు. నరసాపురం రేవులో తాడు పట్టుకోవడం నేర్చి, ముప్పై నాలుగేళ్లు ఈ చెన్నైలో లాంచీల మీద సరంగుగా చేసినవాణ్ని. నన్ను ఎన్నిసార్లు ఆపారో లెక్క లేదు. బోటు కొన్నప్పుడు నీకు స్టీరింగు నేర్పారు, ఇంజిన్ ఆయిల్ మార్చడం నేర్పారు. ఎవరైనా ఆపినప్పుడు ఎలా ఆగాలో నేర్పలేదు. ఆ తప్పు నాది కూడా.

ముందు నీ ప్రశ్నకు జవాబు. ఆపే హక్కు ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా మన దేశపు ప్రాదేశిక జలాలు. అక్కడ మన చట్టం నేల మీద నడిచినట్టే నడుస్తుంది. తమిళనాడు పోలీసుల్లో ఈ పని కోసమే కోస్టల్ సెక్యూరిటీ గ్రూప్ 1994 నుంచీ ఉంది. 2008 నవంబర్ 26 తర్వాత దేశమంతా తీర పోలీసు స్టేషన్లు పెరిగాయి, పడవలు పెరిగాయి, ఆపడమూ పెరిగింది. ఆ రోజు ముంబైలో దిగిన పది మంది మన కుబేర్ అనే చేపల బోటునే పట్టుకుని, దాని మనుషుల్ని చంపి, చివరికి ఒక రబ్బరు బోటులో ఒడ్డుకు చేరారు. ఒడ్డు దగ్గర చిన్న బోటును చూస్తే వాళ్లకు మొదట గుర్తొచ్చేది అదే. నీ పద్దెనిమిది అడుగుల ఫైబర్ బోటు నీకు ఆదివారం సరదా. బైనాక్యులర్లో చూసేవాడికి అది నంబర్ కనపడని, ఎవరిదో తెలియని చిన్న బోటు.

కాబట్టి మొదటి పని, ఆ నంబరూ పేరూ రెండు పక్కలా దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా రాయించు. కాసిమేడులో చేపల బోట్లు చూశావు కదా, ఐఎన్‌డీ టీఎన్ అని మొదలయ్యే నంబర్లు ఎంత పెద్దగా రాసుకుంటారో. నీది చిన్న స్టిక్కర్, అదీ ఉప్పుగాలికి సగం లేచిపోయింది. పోయినసారి వచ్చినప్పుడే చెబుదామనుకుని మరిచాను.

ఇక అసలు సంగతి. తనిఖీ వేరు, సోదా వేరు. ఇది మనసులో బాగా పెట్టుకో. కాగితాలు చూపమనడం, ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం, తలకో లైఫ్ జాకెట్ ఉందో లేదో చూడటం, ఎక్కడి నుంచి ఎక్కడికని అడగడం, ఇదంతా తనిఖీ. దీంట్లో వాదన పెట్టుకోకు. పది నిమిషాల్లో అయిపోయేది నీ వాదనతో గంట పడుతుంది. బ్యాగులు విప్పడం, సీటు కింద అరలు తెరవడం, మనుషుల జేబులు తడమడం సోదా. దానికి కారణం ఉండాలి. పోలీసులు ఎలా నడుచుకోవాలో చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 185వ సెక్షన్ ప్రకారం, వారంట్ లేకుండా సోదా చేసే అధికారి తన కారణాన్ని రాసిపెట్టుకోవాలి. 105వ సెక్షన్ ప్రకారం సోదానూ జప్తునూ వీడియో తీయాలి, అదీ వాళ్లే, ఫోన్‌తోనైనా సరే. నువ్వు అడగాల్సింది ఒక్కటే: "సార్, ఇది సోదానా? కారణం చెబుతారా?" అంతే. గొంతు పెంచకుండా అడుగు. చెప్పకపోయినా అడ్డం పడకు. టైము, వాళ్ల బోటు నంబరు, అధికారి పేరు గుర్తుపెట్టుకుని ఒడ్డుకు రాగానే రాసుకో. తప్పు జరిగితే ఆ కాగితమే నీ తరఫున మాట్లాడుతుంది. నీళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టావంటే మాత్రం, సర్కారు ఉద్యోగి విధికి ఆటంకమని భారతీయ న్యాయ సంహిత 221వ సెక్షన్ కింద కేసు నీమీదే పడుతుంది.

కోడలి విషయానికి వస్తే, నీ బాధ నాకు అర్థమైంది. ఆడవాళ్లను ఆడవాళ్లే, మర్యాద తప్పకుండా సోదా చేయాలి. చట్టంలో స్పష్టంగా ఉంది. పెట్రోల్ బోటులో ఆడ పోలీసు లేకపోతే, "ఒడ్డుకు పోదాం సార్, అక్కడ లేడీ కానిస్టేబుల్ చేత చూపించండి" అను. ఇది నువ్వు గట్టిగా అనొచ్చు, అనాలి. మత్తుమందుల అనుమానంతో మనిషిని సోదా చేస్తుంటే గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని కోరే హక్కు 1985 నాటి చట్టం 50వ సెక్షన్‌లో ఉంది. కోరడం నీ హక్కు, ఆ సంగతి నీకు చెప్పడం వాళ్ల విధి.

అదే చట్టంలో 49వ సెక్షన్ గురించి కూడా చెప్పాలి, భయపెట్టడానికి కాదు. అనుమానానికి కారణం ఉంటే అధికారమున్న అధికారి వాహనాన్ని, పడవను ఎప్పుడైనా ఆపి మూలమూలా వెతకవచ్చు. ఆపడానికి చట్టం ఒప్పుకునే మార్గాలన్నీ అయిపోయినా ఆగకపోతే కాల్పులు కూడా జరపవచ్చు. 1962 కస్టమ్స్ చట్టంలోనూ ఇలాంటిదే ఉంది. మీ స్నేహితుడు ఆ రోజు "ఇంజిన్ పెంచు, వాళ్ల పాత బోటు మనల్ని అందుకోలేదు" అన్నాడని నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట మళ్లీ అంటే ఆ కుర్రాణ్ని ఒడ్డు మీదే వదిలేసి వెళ్లు.

ఇప్పుడు నేను ఎవరికీ పెద్దగా చెప్పని విషయం ఒకటి. పదమూడు పద్నాలుగేళ్ల కిందట డిసెంబరులో, ఈశాన్య గాలి తెరిపివ్వని రోజుల్లో, ఒక యజమాని గారి లాంచీలో అతిథుల్ని ఎక్కించుకుని ఎన్నూరు వైపు నుంచి వస్తున్నాను. పెట్రోల్ బోటు పక్కకు వచ్చింది. అతిథుల ముందు ఆపారని నాకు చిరాకు. ఇంజిన్ తగ్గించాను గానీ గేరు న్యూట్రల్‌కు తేలేదు. నడుస్తూనే జవాబులు చెప్పాను. బోట్లు ఒకదానికొకటి కొట్టుకోకుండా పక్కలకు టైర్లు కూడా వేలాడదీయలేదు. ఇరవై రెండేళ్లు కూడా ఉండవేమో, ఒక కుర్ర కానిస్టేబుల్ మా బోటు అంచు పట్టుకోబోయాడు. అప్పుడే ఒక కెరటం రెండు బోట్లనూ ఎత్తి దింపింది. రెండు అంచుల మధ్య అతని రెండు వేళ్లు నలిగాయి. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడు. అతను చెయ్యి ఒళ్లో పెట్టుకుని "పరవాయిల్లె అణ్ణా, పరవాయిల్లె", ఫర్వాలేదన్నా అని అంటూనే ఉన్నాడు. కారేది నెత్తురు, చెప్పేది నాకు ధైర్యం. మూడు వారాల తర్వాత కాసిమేడులో కట్టుతో కనిపించి తనే నన్ను పలకరించాడు. నేను తల ఎత్తలేకపోయాను.

అప్పటి నుంచి నేను చేసే పద్ధతి ఇది, నువ్వూ ఇలాగే చెయ్. వాళ్లు చెయ్యెత్తినా, లైటు వేసినా, సైరన్ వేసినా వెంటనే వేగం తగ్గించి చెయ్యెత్తి చూపించు, "చూశాను" అని వాళ్లకు తెలియాలి. చివరి యాభై అడుగుల్లో న్యూట్రల్. వాళ్లు ఏ పక్కకు వస్తారో అడుగు, మామూలుగా గాలి మరుగు వైపు ఇస్తే మంచిది. టైర్లు ఆ పక్కకు దించు. తాడు అందించు, చెయ్యి అందించకు. నీ మనుషులందరినీ కూర్చోమను, ఒకే పక్కకు చేరనివ్వకు. చేతులు కనపడేలా ఉండాలి. "ఇంజిన్ ఆఫ్ పణ్ణిట్టేన్ సార్", అంటే ఇంజిన్ ఆపేశానని నువ్వే ముందు చెప్పు, తమిళంలో ఆ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది. అల ఎక్కువగా ఉంటే "ఇక్కడ వద్దు సార్, అల తగలని చోటికి పోదాం, మీ వెనకే వస్తాను" అను. నేను అడిగినప్పుడల్లా ఒప్పుకున్నారు, వాళ్లూ ప్రాణాలున్న మనుషులే. రాత్రయితే ఎడమ ఎర్ర లైటు, కుడి పచ్చ లైటుతో పాటు లోపలి లైటు కూడా వేసెయ్. చీకట్లో ఉన్న బోటు దగ్గరికి రావడం ఎవరికైనా టెన్షనే.

కాగితాల సంగతి. అసలు పత్రాలన్నీ నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచిలో, స్టీరింగు దగ్గర. రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్స్, నడిపేవాడి సర్టిఫికెట్, అందరి గుర్తింపు కార్డుల కాపీలు. బోటు అమ్మినవాడు "చిన్న బోటుకు ఇవన్నీ ఎందుకు" అంటే నమ్మకు. నదులూ ముత్తుకాడు లాంటి బ్యాక్‌వాటర్లూ ఒక లెక్క, వాటికి 2021 నాటి ఇన్లాండ్ వెసల్స్ చట్టం. సముద్రంలోకి పోతే ఇంకో లెక్క. నీకేవి కావాలో రాజాజీ శాలైలోని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌కు నువ్వే వెళ్లి రాతమూలకంగా తేల్చుకో. బయల్దేరే ముందు ఎవరెవరు ఎక్కారో ఒక కాగితం మీద రాసి ఒకటి బోటులో, ఒకటి ఒడ్డున ఉన్నవాళ్ల దగ్గర ఉంచు. పోలీసులు తలలు లెక్కపెడితే చిరాకు పడ్డానన్నావు. 2011 క్రిస్మస్ రోజు పులికాట్‌లో పడవ మునిగి 22 మంది పోయారు, పిల్లలతో సహా. 2023లో కేరళ తానూరులో ఇంకో 22 మంది. ఎక్కకూడనంత మంది ఎక్కిన విహారం బోటు అది. మన గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019లో ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు, మీ అమ్మ ఆ వారమంతా టీవీ ముందు నుంచి లేవలేదు. తలలు లెక్కపెట్టేవాడి మీద నాకెప్పుడూ కోపం రాదు.

బోటులో ఉండకూడనివి కొన్ని ఉన్నాయి. శాటిలైట్ ఫోన్. అమెరికా నుంచి మీ ఫ్రెండు తెస్తానన్నాడు చూడు, అది వద్దే వద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి పెట్టుకుని మన దేశంలో విదేశీ యాత్రికులే ఇరుక్కున్నారు. పాండిచ్చేరి మందు సీసాలు కూడా వద్దు, ఒక్కటి కూడా. రోడ్డు మీద తెస్తే ఎంత నేరమో నీళ్ల మీద తెచ్చినా అంతే. డ్రోన్ ఎగరేసి వీడియో తీద్దామన్న సరదా ఉంటే హార్బరు, నేవీ వాళ్ల ఐఎన్ఎస్ అడయార్ స్థావరం చుట్టుపక్కల మానెయ్. లంగరు వేసిన పెద్ద ఓడల దగ్గరికి ఫొటోల కోసం పోకు. అక్కడ చిన్న బోటు కనపడితే సరుకు దించుకోవడానికి వచ్చిందనే అనుకుంటారు. దక్షిణాన కల్పాక్కం అణు కేంద్రం, ఉత్తరాన శ్రీహరికోట వైపు అసలు వెళ్లకు. నీళ్లలో ఏదైనా మూట, ప్యాకెట్ తేలుతూ కనపడితే ముట్టుకోకు. జీపీఎస్ చూసి స్థలం రాసుకుని తీర భద్రతా పోలీసుల నంబరు 1093కు ఫోన్ చెయ్. దాన్ని బోటులోకి లాగి, తర్వాత పోలీసులకు ఇద్దామనుకుంటే, ఆ మధ్యలో నిన్ను ఆపితే అది నీ సరుకే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మర బోట్ల చేపల వేట నిషేధం. ఆ 61 రోజులు సముద్రం చాలావరకు ఖాళీగా ఉంటుంది కాబట్టి నీలాంటి బోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. సాగర్ కవచ్ పేరుతో భద్రతా విన్యాసాలు జరిగే రోజుల్లో ప్రతి బోటునూ అనుమానంగానే చూస్తారు. ఆ రోజుల్లో ఆపితే నీమీద ప్రత్యేకంగా ఏదో ఉందని అనుకోకు.

ఏదైనా జప్తు చేస్తే జాబితా రాసి, సాక్షుల సంతకాలతో నీకు కాపీ ఇవ్వాలి. మన వైపు పంచనామా అంటాం, ఇక్కడ మహజరు అంటారు. తమిళంలో ఉంటుంది, నీకు చదవడం రాదు. చదివి వినిపించమను. అర్థమైన తర్వాతే సంతకం పెట్టు, దాని కింద నీ చేత్తో తెలుగులోనో ఇంగ్లీషులోనో "తమిళం చదవడం రాదు, చదివి వినిపించారు" అని తేదీ, టైము వేసి రాయి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు చెప్పినా వద్దు. ఎవరైనా డబ్బు ప్రస్తావన తెస్తే "చలానా రాయండి సార్, కడతాను" అను. నువ్వుగా జేబులో చెయ్యి పెట్టకు. ఒకసారి ఇచ్చావంటే తప్పున్నవాడివని నువ్వే చెప్పినట్టు.

బయల్దేరేటప్పుడు కోవళం వైపు మెరైన్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళ్లడం అలవాటు చేసుకో. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల అలల సూచన చూడు. ఆపదలో కోస్ట్ గార్డ్ 1554. ఈ నంబరూ 1093 నంబరూ స్టీరింగు పక్కన పెయింటుతో రాయించు, తడిసిన చేతుల్తో ఫోన్లో వెతకలేవు. ఇంజిన్ చచ్చిపోయి చీకటి పడుతుంటే నీ కోసం వచ్చేది నిన్న నిన్ను ఆపిన ఆ బోటే.

వచ్చే ఆదివారం పొద్దున్నే నేను వస్తాను. రాయపురంలో పంచర్ షాపు అతన్ని అడిగి నాలుగు పాత స్కూటర్ టైర్లు పెట్టించాను. నువ్వు పన్నెండు మిల్లీమీటర్ల నైలాన్ తాడు ఇరవై మీటర్లు కొని ఉంచు. టైర్లు కట్టాక ముత్తుకాడు నీళ్లలో ఇంకో బోటు పక్కకు చేర్చి పట్టుకోవడం పదిసార్లు చేయిస్తాను. కోడల్ని కూడా రమ్మను, తాడు విసరడం తనకీ వచ్చి ఉండాలి.

మీ మామయ్య