రెండు రాత్రుల కాన్సర్ట్‌కి గచ్చిబౌలి వస్తుంటే బస ఎక్కడ?

విజయవాడ నుంచి మొదటిసారి వస్తున్నానని, గచ్చిబౌలి స్టేడియంలో శని, ఆదివారాలు రెండు షోలకీ టికెట్లు కొన్నానని, రూము చవక కదా అని సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర తీసుకుందామనుకుంటున్నానని రాశారు కదా. ఆ పని మాత్రం చేయకండి. అక్కడి నుంచి స్టేడియం 20 కిలోమీటర్ల పైమాటే. గచ్చిబౌలికి మెట్రో లేదు, దగ్గర్లో ఉన్నది రాయదుర్గం స్టేషన్. వెళ్లేటప్పుడు పర్లేదు, అసలు తిప్పలన్నీ తిరిగొచ్చేటప్పుడే. షో అయ్యేసరికి మెట్రో టైమ్ దాటిపోవచ్చు, వేలమంది ఒక్కసారే బయటికొచ్చి క్యాబ్ బుక్ చేస్తారు, రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. పోయినసారి నేను గేటు ముందు గంటసేపు క్యాన్సిల్ కొట్టించుకుని, ఆఖరికి కొండాపూర్ దాకా నడిచాను (పక్కన ఫ్రెండ్ పాటలు పాడుతూనే ఉన్నాడు, అది వేరే బాధ).

అందుకే రూము గచ్చిబౌలిలోనో కొండాపూర్‌లోనో చూడండి. ఐటీ ఏరియా కాబట్టి రోజు లెక్కన బెడ్ ఇచ్చే హాస్టళ్లు కూడా దొరుకుతాయి, రెండు రాత్రుల క్యాబ్ ఖర్చు కలుపుకుంటే సికింద్రాబాద్ రూము కంటే ఇదే చవక పడొచ్చు. బస్సులో వస్తే ఎల్బీనగర్‌లో దిగకుండా మియాపూర్ లేదా లింగంపల్లి దాకా వచ్చేది ఎక్కండి.

పెద్ద బ్యాగు రూములోనే వదిలేయండి, గేటు దగ్గర లోపలికి పంపకపోతే పెట్టుకోవడానికి చోటుండదు. ఫోన్ ఫుల్ చార్జింగ్‌తో వెళ్లండి, టికెట్ స్క్రీన్‌షాట్ పనికొస్తుందో లేదో బుక్ చేసిన యాప్‌లో ముందే చూసుకోండి. సోమవారం పొద్దున్నే ఆఫీసుందా? ఉంటే ఒక లీవు పెట్టేయండి.