జీపు ట్రక్కుకు డిస్కు బ్రేకులు: అల్లుడికి మామయ్య ఉత్తరం

గాజువాక, విశాఖపట్నం.

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ చూశాను. తొట్టి చెక్కలు మార్చి, పాత ఆకుపచ్చ రంగే మళ్లీ వేయించావు. చాలా బాగుంది. 1972 నాటి బండికి పెట్రోలు ఇంజనే ఉంచావు చూడు, అది నాకు ఇంకా నచ్చింది. "మామయ్యా, ముందు చక్రాలకు డిస్కులు వేయించేస్తే సరిపోతుందా?" అని మొన్న అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను. షెడ్డుకు వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకో.

సరిపోదు నాన్నా. డిస్కులు బిగించడం ఒక రోజు పని. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్, కాలి బలానికి సాయపడే బూస్టర్, పైపులు, వెనక డ్రమ్ములకు వెళ్లే ప్రెషరు, ఇవన్నీ ఆ డిస్కులకు తగ్గట్టు మార్చడమే అసలు పని. మొత్తం చేయించగలిగితే చేయించు. ఇప్పుడు డబ్బు చాలదనుకుంటే ఆగు, డ్రమ్ములతోనే నడుపుకో. సగం మార్చిన బండిని మాత్రం అరకు ఘాట్ ఎక్కించకు.

ఆ డ్రమ్ముల్ని కూడా ఒకసారి విప్పి చూడు. బ్రేకు కొడితే బండి ఎడమకు లాగుతోందన్నావు. పాత జీపుల్లో హబ్బు సీలు పోయి గ్రీజో ఆయిలో, డ్రమ్ముకు లోపలి నుంచి ఒరుసుకునే షూల లైనింగ్ మీదికి కారితే సరిగ్గా ఇలాగే లాగుతుంది. సీలు మార్చి, లైనింగ్ కొత్తది వేసి, షూలు నాలుగు చక్రాలకూ సమానంగా సెట్ చేస్తే బీచ్ రోడ్డులో భీమిలి దాకా వెళ్లి రావడానికి డ్రమ్ములు చాలు. విప్పేటప్పుడు లోపలి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదించకు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిపించు. మా రోజుల్లో ఎవరూ మాకు ఇది చెప్పలేదు. షెడ్డులో అందరం ఊదుకుంటూనే పనిచేశాం.

కానీ నువ్వు హైవే మీద 80లో వెళతానంటున్నావు, బరువుతో అనంతగిరి నుంచి దిగుతానంటున్నావు. అలాగైతే డిస్కులు వేయించడమే మంచిది. స్పీడు 40 నుంచి 80కి పెరిగితే బండి ఆపడానికి బ్రేకు మింగాల్సిన వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతూ ఉంటుంది. పైగా వేడి లోపలే చిక్కుకుంటుంది. డిస్కు గాలిలో తిరుగుతుంది కాబట్టి తొందరగా చల్లారుతుంది. వానలో తడిసినా ఒకటి రెండు తిరుగుళ్లలో నీళ్లు విదిల్చేస్తుంది.

మరి డ్రమ్ములో ఉన్న సుగుణం కూడా తెలుసుకో, నీకు రాబోయే మొదటి ఇబ్బంది దాంతోనే. షూ డ్రమ్ముకు తగలగానే తిరుగుతున్న డ్రమ్ము దాన్ని తనతో పాటు లాక్కుంటుంది, షూ ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది. నీ కాలు పెట్టిన బలానికి చక్రమే కొంత కలుపుతుందన్నమాట. డిస్కులో ఆ సాయం లేదు. డిస్కును పట్టే ప్యాడు ఎంత నొక్కితే అంతే పట్టు. అందుకే బూస్టర్ లేకుండా డిస్కులు వేసిన జీపు నడిపినవాళ్లు "డ్రమ్ములే నయం, పెడల్ రాయిలా ఉంది" అంటారు. నీది పెట్రోలు ఇంజన్ కాబట్టి ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి బూస్టర్‌కు వ్యాక్యూమ్ దొరుకుతుంది, మధ్యలో ఒక వన్‌వే వాల్వ్ పెడితే చాలు. డీజిల్ అయితే ఆల్టర్నేటర్ వెనక ఉండే వ్యాక్యూమ్ పంపు లాంటిది వెతుక్కోవాల్సి వచ్చేది. ఒక్క మాట గుర్తుంచుకో. ఇంజన్ ఆగిపోతే బూస్టర్‌లో రెండు మూడు తొక్కుళ్లకే సాయం మిగులుతుంది. పెట్రోలు కలిసొస్తుందని దిగుడులో ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు పాత డ్రైవర్లలో ఉండేది. నువ్వు ఎప్పుడూ అలా చేయకు.

ఇప్పుడు మాస్టర్ సిలిండర్ సంగతి. ఇది కొంచెం నిదానంగా చదువు.

1993లో ఒక తోటల యజమాని జీపుకు నేను డిస్కులు వేశాను. దెబ్బతిన్న మారుతి జిప్సీ ఒకటి తుక్కులో దొరికింది, ప్యాడ్లను డిస్కుకు నొక్కే దాని కాలిపర్లు తీసి, బ్రాకెట్లు కోయించి బిగించాను. పాత మాస్టర్ బాగానే పనిచేస్తోంది కదా అని దాన్నే ఉంచేశాను. గాజువాక నుంచి ఎన్ఏడీ కొత్తరోడ్డు దాకా నడిపి చూశాను, బ్రహ్మాండంగా ఆగింది. వారం తర్వాత ఆయనతో పాటు నేనూ అరకు వెళ్లాను. తిరిగి వస్తూ అనంతగిరి దాటి దిగుతుంటే కాలిన వాసన మొదలైంది. టైడ దగ్గరికి వచ్చేసరికి పెడల్ ఒక్కసారిగా అడుగుకు వెళ్లిపోయింది. ఎన్నిసార్లు తొక్కినా ఏమీ లేదు. గేరు ఫస్టుకు లాగి, హ్యాండ్ బ్రేకు పట్టి, బండిని కొండవైపు మట్టిగట్టుకు ఒరిపించి ఆపాం. లోయవైపు మలుపు పది గజాల దూరంలో ఉంది. వెనక తొట్టిలో ఇద్దరు కూలీలు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

తప్పు నాదే. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్ లోపల చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది. పెడల్ వదిలేసినా పైపుల్లో సుమారు 10 పీఎస్ఐ ప్రెషరు నిలిపి ఉంచడం దాని పని. డ్రమ్ముల్లో బలమైన స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి కాబట్టి ఆ ప్రెషరుతో ఏ ఇబ్బందీ లేదు. కాలిపర్‌లో అలాంటి స్ప్రింగులు ఉండవు. పిస్టన్‌ను వెనక్కి తెచ్చేది దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు ఒక్కటే, అదీ వెంట్రుకవాసి. ఆ 10 పీఎస్ఐ ప్యాడ్లను డిస్కుకు ఆనించే ఉంచింది. ఊళ్లో తెలియలేదు. ఘాట్‌లో వేడి మీద వేడి చేరి కాలిపర్ లోపల బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆవిరి అణిగిపోతుంది, ప్రెషరు పుట్టదు. అదీ జరిగింది.

కాబట్టి డిస్కుల వైపు ఆ వాల్వ్ ఉండకూడదు. నీ జీపులో మాస్టర్ అడుగున, ఛాసిస్ పక్కన ఉంది. అది అక్కడే ఉంటే కాలిపర్ల కంటే కిందికి వస్తుంది, ఆయిల్ వెనక్కి జారిపోయి పెడల్ రెండుసార్లు తొక్కితే గానీ పట్టదు. అప్పుడు డిస్కుల లైనులో 2 పీఎస్ఐ వాల్వ్ వేయించాలి. వెనక డ్రమ్ముల లైనుకు పాత 10 పీఎస్ఐదే ఉండనీ. షెడ్డులో "ఏ వాల్వ్ అయినా ఒకటే" అని ఎవరైనా అంటే ఆ షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చేయ్.

మాస్టర్ ఎలాగూ మార్చాలి. నీ బండికి ఉన్నది ఒకే గది మాస్టర్, ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రెండు గదుల టాండెమ్ మాస్టర్ పెట్టించు, ముందు లైను పోయినా వెనకది మిగులుతుంది. డిస్కులు వేయకపోయినా ఈ ఒక్క మార్పు చేయించమని పాత బండి కొన్న ప్రతివాడికీ చెబుతుంటాను. మాస్టర్ బోరు, అంటే లోపలి గొట్టం వెడల్పు, పెద్దదైతే పెడల్ తక్కువ దూరం పోతుంది కానీ గట్టిగా తొక్కాలి. చిన్నదైతే తేలికగా ఉంటుంది కానీ పెడల్ లోతుగా పోతుంది. ఈ లెక్కలతో తల పట్టుకోకుండా ఉండాలంటే కాలిపర్లు, డిస్కులు, బూస్టర్, మాస్టర్ నాలుగూ ఒకే మోడల్ బండివి తీసుకో. ఒకదానికొకటి సరిపడేలా కంపెనీవాళ్లు ముందే లెక్కలు కట్టి ఉంటారు. బూస్టర్ నుంచి మాస్టర్‌లోకి వెళ్లే రాడ్డుకు కొద్దిగా ఖాళీ ఉందో లేదో చూడమను. ఆ రాడ్డు పొడుగైతే మాస్టర్ లోపల ఆయిల్ వెనక్కి వచ్చే రంధ్రం మూసుకుపోయి, నాకు ఘాట్‌లో జరిగిందే మళ్లీ జరుగుతుంది.

బిగింపు సంగతి తొందరగా చెప్పేస్తాను. పాత జీపుల్లో చాలావాటికి ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, తెలియక పానా పెట్టి తెగ లాగితే స్టడ్డు విరుగుతుంది. కాలిపర్ బ్రాకెట్ ఒకే మందపాటి ప్లేటులో కోసింది కావాలి, ముక్కలు వెల్డింగ్ చేసింది వద్దు. బోల్టులు మామూలు హార్డ్‌వేర్ షాపువి వాడకు, 10.9 అని తల మీద గుద్దినవి తీసుకుని టార్క్ రెంచితో బిగించమను. డిస్కు బిగించాక డయల్ గేజ్ పెట్టి ఊగుడు చూడాలి, 0.1 మిల్లీమీటరు దాటితే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. రిమ్ముకూ కాలిపర్‌కూ మధ్య ఖాళీ ఉందో లేదో డబ్బు కట్టకముందే రిమ్ము పట్టుకెళ్లి చూసుకో. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, చక్రాలు వేలాడదీసి, హోస్ ఎక్కడా సాగడం లేదని, టైరుకు రాసుకోవడం లేదని చూడు.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ చూస్తుంటాను. ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకు బిగించేస్తారు, బోల్టులు చక్కగా సరిపోతాయి. కానీ ఎయిర్ తీసే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైనే ఉండిపోతుంది. రోజంతా ఆయిల్ పోసి తీసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుంది. నిపుల్ ఎప్పుడూ పైవైపు ఉండాలి. ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి. మన బండ్లలో మాస్టర్ కుడివైపు కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

పైపులన్నీ కొత్తవే వేయించు. సముద్రపు గాలికి మన ఊళ్లో ఇనుప పైపులు క్లిప్పుల కింద తుప్పు పడతాయి, పైకి కనిపించదు. రాగి పైపు వంచడం తేలికని వేస్తామంటారు, ఒప్పుకోకు. అదురుకు అది గట్టిపడి పగులుతుంది. రాగి, నికెల్ కలిసిన పైపు దొరికితే మంచిది, చివర్లు రెండు మడతలుగా విప్పార్చే డబుల్ ఫ్లేరింగ్ చేయించు. బ్రేక్ ఆయిల్ డాట్ 4 పోయించు. కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. కానీ గాలిలో తేమ పీల్చుకుంటూ పోతే ఆ హద్దు 155కు పడిపోతుంది. విశాఖ తేమ సంగతి నీకు చెప్పాలా? రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయించు. సగం వాడి మూత పెట్టిన డబ్బా నెలల తర్వాత మళ్లీ వాడకు. సీళ్లను పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడగనివ్వకు, ఉబ్బిపోతాయి.

వెనక డ్రమ్ములు అలాగే ఉండనీ. హ్యాండ్ బ్రేకు జోలికి వెళ్లక్కర్లేదు, పైగా ఖాళీ తొట్టి బండికి వెనక అంత బ్రేకు అవసరమూ లేదు. వెనక లైనులో ప్రెషరు తగ్గించుకునేలా చేత్తో తిప్పే ప్రపోర్షనింగ్ వాల్వ్ ఒకటి పెట్టించు. వాన పడిన ఖాళీ మైదానంలో నువ్వు 30లో వచ్చి గట్టిగా బ్రేకు కొట్టు, బయట ఒకర్ని నిలబెట్టి ఏ చక్రం మొదట ఆగిపోతోందో చూడమను. ముందు చక్రాలే మొదట బిగియాలి. వెనకవి మొదట బిగిస్తే బండి తోక తిప్పేస్తుంది. ఖాళీగా ఒకసారి, బరువుతో ఒకసారి చూడు. ఖాళీగా ఉన్నప్పటి సెట్టింగే ఉంచు.

కాగితాల విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. నీ బండికి 50 ఏళ్లు దాటాయి కాబట్టి 2021లో వచ్చిన వింటేజ్ (పాతకాలపు బండ్ల) నిబంధనల కింద నమోదు చేయించుకునే వీలుంటుందేమో చూడు, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలన్నది అందులో షరతు. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడుగు. ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టనివ్వకు, ఉన్న రంధ్రాల్లోనే బోల్టులతో కానివ్వు. పాత డ్రమ్ములు, ప్లేట్లు, మాస్టర్ గ్రీజు పూసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టు. తుక్కువాడికి ఇస్తే నాతో మాట్లాడకు.

పని అయ్యాక ప్యాడ్లను ఒదిగించాలి. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10కి ఒక మోస్తరుగా తగ్గించు, పూర్తిగా ఆపకు, కాసేపు నడిపి చల్లారనిచ్చి మళ్లీ చెయ్యి. అలా ఓ పదిహేనుసార్లు. తర్వాత సింహాచలం కొండ ఎక్కి దిగు. కింద ఆగాక నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడు, ముట్టుకోకు. ఒకవైపు ఎక్కువ వేడిగా ఉంటే ఆ కాలిపర్ పట్టేస్తోందని అర్థం. అది తేలేదాకా అరకు మాట ఎత్తకు. పొద్దున్నే డిస్కు మీద ఎర్రగా తుప్పు పొర కనిపిస్తే టెన్షన్ పడకు, మొదటి బ్రేకుకే పోతుంది. కాలిపర్ పిన్నులు మాత్రం ఏటా వానాకాలానికి ముందు విప్పి సిలికాన్ గ్రీజు పెట్టించు.

డిస్కులు వచ్చాక కూడా ఘాట్‌లో ఎక్కిన గేరులోనే దిగు.

సామాన్లు కొనకముందు వాటి ఫోటోలు నాకు పంపు. మాస్టర్ మాత్రం ఫోటోతో తేలదు, చేత్తో పట్టుకుని చూడాలి. ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లు ఆదివారం ఉండరు, సోమవారం పొద్దున్నే వచ్చేయ్. డయల్ గేజ్ నా దగ్గర ఉంది. అత్తయ్య నీకోసం పనసపొట్టు కూర చేస్తానంటోంది, మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వెళదాం.

మీ మామయ్య