ఏ ఓడను లోపలికి రానివ్వాలి?

అమ్మలూ, ప్రభువు నామంలో శుభాలు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆర్కే బీచ్‌లో నువ్వడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "గృహప్రవేశంలో మా తోటికోడలు నలుగురిలో అన్న మాట రాత్రుళ్లు పదే పదే గుర్తొస్తోంది పెదనాన్నా. ఆవిడకి చెడు జరిగితే బాగుణ్ణనిపిస్తోంది. ఇలాంటి తలంపులు వస్తున్నాయంటే నాకు అసలు విశ్వాసం ఉన్నట్టేనా?" అన్నావు. చుట్టూ పిల్లలుండి సరిగ్గా చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం దూరంగా లంగరేసి ఉన్న ఓడలు చూశావుగా. ముప్పై ఏళ్లు పోర్టులో పనిచేసినవాణ్ణి, నాకు ఈ పోలికే తోస్తుంది. ఓడ అక్కడిదాకా రావడం మన చేతిలో లేదు. ఓడకి దారి చూపే పోర్టు పైలట్ లాంచీలో ఎదురెళ్లి, తాళ్ల నిచ్చెన ఎక్కి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి దగ్గరుండి తీసుకొస్తేనే అది బెర్తుకి, అంటే సరుకు దింపే చోటికి చేరేది. తలంపు వచ్చినంత మాత్రాన నువ్వు తప్పిపోలేదు తల్లీ. ఎదురెళ్లి తీసుకొచ్చి సరుకు దింపుకుంటేనే ప్రమాదం.

నేను దింపుకున్నాను. ఒకాయన నా దగ్గర చేబదులు తీసుకుని, తీసుకోనే లేదన్నాడు. రెండేళ్లు బస్సులో, మంచం మీద, ఆఖరికి ప్రార్థనలో కూడా మనసులో ఆయనతో దెబ్బలాడాను. ఒక రాత్రి మీ పెద్దమ్మ వంజరం పులుసు వడ్డించి "ఉప్పు సరిపోయిందా?" అంటే, "ఎంత పొగరు వాడికి!" అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కంచం ఖాళీ అయింది, ఏం తిన్నానో తెలీదు.

పౌలు బంధకాల్లో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక 4వ అధ్యాయం తియ్యి. దేవుని సమాధానం "మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును" అని 7వ వచనం. ఆ కావలి అన్నచోట గ్రీకులో ఉన్నది సైనికుల కాపలాకి వాడే మాట. 7ని గోడకి తగిలించుకుని 6ని వదిలేస్తాం మనం. ముందు విన్నపాలు దేవునికి చెప్పమంటుంది 6. కాబట్టి ఆ మాట గుర్తురాగానే లేచి కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పు. "ప్రభువా, ఆవిడంటే నాకు కోపంగా ఉంది" అను. మంచి మాటలు వెతుక్కోకు. 13వ కీర్తనలో దావీదు కూడా "ఎంతకాలము" అని నిలదీశాడు.

తర్వాత ఆ చోటు ఖాళీగా ఉంచకు. వేటిని తలుచుకోవాలో చెప్పే 8వ వచనంలో మొట్టమొదటిది "సత్యమైనవి". నీకు జ్వరమొచ్చినప్పుడు వారం రోజులు గంజి కాచి పంపింది ఆవిడే కదా? ఆ మాట అన్నదీ నిజమే, గంజి పంపిందీ నిజమే. రెండోదాన్ని కూడా కాసేపు తలుచుకో. కష్టమే, నాకు తెలుసు. నాకు నెలలు పట్టింది.

రాత్రి ఆవిడ వాట్సాప్ స్టేటస్ చూడకు. మీ అక్కకి, పిన్నికి మళ్లీ మళ్లీ చెప్పకు, చెప్పిన ప్రతిసారీ గాయం పచ్చిగా అవుతుంది. అలాగని నోరు మూసుకోమనడం లేదు. మత్తయి 18:15లో ప్రభువు చెప్పినట్టు, ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి "నువ్వలా అన్నావు, బాధేసింది" అని ఆవిడతోనే అను. ఇంకా నిద్ర పట్టకపోతే డాక్టర్‌ని కలువు. అది అవిశ్వాసం కాదు.

శనివారం సాయంత్రం ఇంటికి రా. ఎలా ఉందో కూర్చుని మాట్లాడుకుందాం. మీ పెద్దమ్మ వంజరం పులుసు పెడతానంటోంది.

నీ పెదనాన్న