రెండో లైన్‌కి మారినా కౌంటర్ పీసీలకు నెట్ రాకపోతే

మొదటి ఇంటర్నెట్ లైన్ పోయి రెండో లైన్‌కి మారాక రూటర్ నుంచి పింగ్ వెళ్తోంది, మీ తిరుపతి లాడ్జి కౌంటర్ పీసీలకు మాత్రం నెట్ లేదంటే, రూటింగ్ మారింది, నాట్ (పీసీల లోపలి అడ్రస్‌ను లైన్ అడ్రస్‌గా మార్చే పని) మారలేదు.

1. సిస్కోలో లైన్‌కొక నాట్ రూల్, దానికొక రూట్-మ్యాప్ (ఆ రూల్ ఎప్పుడు వర్తించాలో చెప్పే షరతు) ఉండాలి. రెండు రూట్-మ్యాప్‌లలోనూ ‘మ్యాచ్ ఇంటర్‌ఫేస్’ (ప్యాకెట్ ఏ లైన్‌లోంచి బయటికెళ్తుందో చూసేది) తప్పనిసరి.

2. రెండో ఇంటర్‌ఫేస్ మీద ‘ఐపీ నాట్ అవుట్‌సైడ్’ ఉందా చూడండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: పాత నాట్ ఎంట్రీలు తుడవడం. టీసీపీ ఎంట్రీ డిఫాల్ట్‌గా 86400 సెకన్లు, అంటే రోజంతా నిలిచి ఉంటుంది. ప్యాకెట్లు పాత లైన్ అడ్రస్‌తోనే కొత్త లైన్‌లోకి పోతాయి, జవాబు తిరిగి రాదు. ‘షో ఐపీ నాట్ ట్రాన్స్‌లేషన్స్’ కొట్టి ‘ఇన్‌సైడ్ గ్లోబల్’ కాలమ్‌లో చూడండి. అక్కడ పాత లైన్ ఐపీ ఉంటే జబ్బు ఇదే.

‘క్లియర్ ఐపీ నాట్ ట్రాన్స్‌లేషన్ *’ కొట్టండి. ట్రాక్ (మొదటి లైన్ పనిచేస్తోందో లేదో రూటర్ గమనించేది) డౌన్ అయినప్పుడూ, మళ్లీ అప్ అయినప్పుడూ అదే నడిచేలా ఈఈఎం యాప్లెట్ (రూటర్‌లో కమాండ్‌ను దానంతటదే నడిపే చిన్న స్క్రిప్ట్) పెట్టేయండి.