నటుడి సొంత డైరీ చదివితే అసలు మనిషి తెలుస్తాడా?

రిచర్డ్ బర్టన్ లాంటి పెద్ద నటుడు తన కోసం రాసుకున్న డైరీలు చదివితే తెర వెనకాల ఉన్న మనిషి తెలుస్తాడా, ఆయన పోయాక వాటిని మనం చదవడం సబబేనా అని అడిగారు.

చదవండి, తప్పేం లేదు. కాకపోతే ఆ రాత్రి ఆయనకు ఏమనిపించిందో అంతవరకే తెలుస్తుంది. పక్కనున్న మనిషికి ఏమనిపించిందో ఆ పేజీలో ఉండదు. ఈ సంగతి నాకు బర్టన్ పుస్తకం కన్నా మా బాపు (మా నాన్న) డైరీలే గట్టిగా నేర్పాయి. అందుకే ఈ జవాబులో ఇద్దరి ముచ్చటా కలిసి వస్తుంది. కొంచెం పొడుగవుతుంది, ఓపికతో చదవండి.

మాది గోదావరిఖని. ఇప్పుడు ఉద్యోగం మీద హన్మకొండలో ఉంటున్నాను. బాపు సింగరేణిలో కోల్ ఫిల్లర్. బాయిలోకి దిగి తట్టతో బొగ్గెత్తి టబ్బుల్లో నింపే పని. ఆ పని ఒకవైపు, నాటకాల పిచ్చి ఒకవైపు. గణపతి నవరాత్రులు, శ్రీరామనవమి వచ్చాయంటే కాలనీలో పద్యనాటకం పడాల్సిందే, అందులో బాపు వేషం ఉండాల్సిందే. ఎక్కువగా నక్షత్రకుడు కట్టేవాడు. హరిశ్చంద్రుడి వెంటపడి అప్పు కోసం పీక్కుతినే ఆ వేషానికి జనం పడీపడీ నవ్వేవాళ్లు. ఇంకో సంగతి చెప్పాలి. బాయి దిగేవాళ్ల కంటి రెప్పల అంచుకు బొగ్గుపొడి పట్టి ఉంటుంది. ఎంత సబ్బు పెట్టి కడిగినా పూర్తిగా పోదు, కాటుక దిద్దినట్టే ఉంటుంది. నాటకం రోజు రంగు వేసే ఆయన అందరి మొహాలూ దిద్దేవాడు గానీ బాపు కండ్ల జోలికి వచ్చేవాడు కాదు. "నీకు బాయే పెట్టి పంపింది" అనేవాడు.

బర్టన్ మీద నాకు మనసు పడింది కూడా ఈ బొగ్గు వల్లనే. ఆయన 1925 నవంబర్ 10న బ్రిటన్‌లోని వేల్స్‌లో పాంట్రిడివెన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అసలు పేరు రిచర్డ్ వాల్టర్ జెంకిన్స్. పదముగ్గురు పిల్లల్లో పన్నెండోవాడు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. రెండేళ్లు నిండకముందే తల్లి పోతే, పెద్దక్క సిసిలియా పోర్ట్ టాల్బట్‌లో తన ఇంటికి తీసుకుపోయి సాకింది. మాతృభాష వెల్ష్. ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నది. ఫిలిప్ బర్టన్ అనే బడిపంతులు ఆ పిల్లవాడి గొంతును గుర్తుపట్టి, సాన పెట్టి, చివరికి తన ఇంటిపేరు కూడా ఇచ్చాడు. ఇంగ్లీషు రంగస్థలం మీద అంత గొప్పదని పేరు పడ్డ గొంతు అట్లా ఒక వెల్ష్ ఇంట్లోంచి వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు బాపే యాదికొచ్చాడు. ఇంట్లో "ఏందిరా, ఎటు పోయినవ్" అని మాట్లాడే మనిషి, స్టేజీ ఎక్కగానే గ్రంథాల భాషలో సమాసాలు దొర్లించేవాడు. రెండు భాషల మధ్య రోజూ అటూ ఇటూ నడిచేవాళ్ల కష్టం బయటివాళ్లకు అంత సులువుగా అర్థం కాదు.

ఇక డైరీల సంగతికి వస్తా. బర్టన్ మొదటి డైరీ 1939 నవంబర్‌లో, పద్నాలుగేళ్ల వయసులో మొదలుపెట్టాడు. యుద్ధం అప్పుడే మొదలైంది. ఆ పేజీల్లో బడి, చర్చి, రగ్బీ, సినిమా, అంతే. చిన్న చిన్న వాక్యాలు. ఏ పిల్లవాడు రాసినా అట్లాగే రాస్తాడు. తర్వాత చాలా ఏళ్లు ఏమీ లేదు. 1960లో కొంచెం రాశాడు. 1965 నుంచి 1972 దాకా రాసిందే అసలు సరుకు, అందులో చాలా భాగం టైపు కొట్టినది. ఆ తర్వాత 1975, 1980, 1983లలో ముక్కలు ముక్కలుగా. ఆయన 1984 ఆగస్టు 5న, 58 ఏళ్లకే పోయాడు. ఆ కాగితాలన్నీ చివరి భార్య సాలీ వేల్స్‌లోని స్వాన్‌సీ విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. క్రిస్ విలియమ్స్ అనే చరిత్రకారుడు వాటిని సరిచూసి, కింద వివరాలు రాసి ఇస్తే 2012లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు అచ్చు వేశారు. ఏడొందల పేజీల దాకా ఉంటుంది.

సంవత్సరాలు ఒకసారి మళ్లీ చూడండి. జనం ఈ పుస్తకం కొనేది దేనికోసం? 1962లో రోమ్‌లో షూటింగ్ జరుగుతుండగా హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్‌తో ప్రేమ మొదలై ప్రపంచమంతా గగ్గోలు పుట్టిందే, దానికోసం. 1964లో న్యూయార్క్‌లో, నాటకశాలలకు పేరుపడ్డ బ్రాడ్‌వే మీద హామ్లెట్ వేషం కట్టి జనాన్ని వీధుల్లోకి రప్పించాడే, దానికోసం. ఆ రెండూ ఈ డైరీల్లో లేవు. నడివేడిలో ఉన్న మనిషి రాస్తూ కూచోలేదు. బాపు డైరీల్లోనూ అంతే. కాలనీలో ఇప్పటికీ చెప్పుకునే ఒక నాటకం ఉంది, జనం రెండుసార్లు వన్స్‌మోర్ అడిగిన రాత్రి. ఆ రోజు పేజీ ఆశగా తీసి చూశాను. "రెండో షిఫ్ట్. 3 టబ్బులు. నాటకం అయింది." అంతే ఉంది.

ఉన్న పేజీల్లో మాత్రం బర్టన్ మనసు విప్పి కనిపిస్తాడు. 69 క్యారెట్ల వజ్రం ముచ్చట, ఓడల మీద విందులు, పెద్ద పెద్దవాళ్ల పేర్లు బోలెడున్నాయి. వాటి మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు, గబగబా తిప్పేశాను. నన్ను పట్టేసింది వేరే. అంత పేరున్న నటుడు నటన అంటే విసుగొస్తుందని మళ్లీ మళ్లీ రాసుకున్నాడు. చేతిలో ఎప్పుడూ పుస్తకం. చదివిన ప్రతిదాని మీదా తన అభిప్రాయం. ఆయనకు రచయిత కావాలని ఉండేది, ఆ ఆశంతా ఈ డైరీల్లోనే కక్కాడనిపిస్తుంది. ఆస్కార్‌కు ఏడుసార్లు నామినేషన్ వచ్చి ఒక్కసారీ చేతికి రాలేదని మనకు తెలుసు. రాస్తున్న రోజు ఆయనకు తెలియదు. ఆత్మకథకూ డైరీకీ నాకు కనిపించే తేడా ఇదే. ఆత్మకథ రాసే నటుడికి కథ ఎట్లా ముగిసిందో తెలుసు కాబట్టి వెనక్కి తిరిగి అన్నీ సర్దుకుంటూ వస్తాడు. డైరీ రాసే మనిషికి రేపేమవుతుందో తెలియదు. మన పాత నటులు చాలామంది ఆత్మకథలు రాసి పెట్టారు, అవి మనకు పెద్ద ఆస్తి. వాటితోపాటు రోజువారీ కాగితాలు కూడా అచ్చులోకి రావాలని నా కోరిక.

1975 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. విడిపోయిన ఎలిజబెత్‌ను ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్న ఏడాది అది. ఆ అక్టోబర్‌లోనే, ఆఫ్రికాలో బోట్స్వానాలో పెళ్లి. ఆ ఏడాది పేజీల్లో కొన్ని రోజుల కింద ఒకే ఒక్క మాట ఉంటుంది: మందు, అంటే తాగుడు. మర్నాడూ అదే. పేజీలకు పేజీలు అందంగా రాయగల మనిషి ఒక్క మాట దగ్గర కూలబడిపోయాడు. బాపు డైరీలోనూ అట్లాంటి పేజీ ఒకటుంది. హార్మోనియం వాయించే ఆయన, బాపుకు ప్రాణమిత్రుడు, జబ్బు చేసి పోయిన రోజు. పేజీ మధ్యలో "సెలవు" అని మాత్రం రాశాడు. డ్యూటీకి పెట్టిన సెలవో, స్నేహితుడికి చెప్పిన సెలవో నేనెట్లా చెప్పను?

సబబేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. బాపు 2014లో పోయాడు. ఆయన ఇనుప సందుగలో తొమ్మిది డైరీలు దొరికాయి, ఎల్‌ఐసీ ఏజెంట్లు పంచే రకం. ఒక పేజీలో "తెరల కిరాయి 120. బామ్మర్ది ఇస్తనన్నడు. ఇయ్యలె" అని ఉంది. నక్షత్రకుడి వేషం కట్టిన మనిషి అప్పు గురించి రాసుకున్నాడని నాకు ముచ్చటేసింది. ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పొద్దుగూకకముందే మా మేనమామ కొడుకు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. చనిపోయిన తన తండ్రిని పదిమందిలో ఎగవేతదారుణ్ని చేశానని బాధపడ్డాడు. మా అవ్వకు (మా అమ్మకు) తెలిసి నన్ను గట్టిగా తిట్టింది. "పైసలు ఇయ్యకుంటే ఏమాయె, రెండొద్దులకే బండి మీద వడ్లు పంపిండు మా తమ్ముడు. ఆ వడ్లు తినే నువ్వు పెరిగినవ్" అంది. బాపు ఆ వడ్ల సంగతి రాయలేదు. కోపం వచ్చిన రాత్రి రాశాడు, కోపం పోయిన రోజు పనిలో పడి మరిచాడు. మా బావ ఇంటికి పోయి చేతులు పట్టుకున్నాను. మళ్లీ మాట కలవడానికి ఏడాది పట్టింది.

పెద్ద నటుల డైరీలతోనూ ఇదే జరుగుతుంది, పెద్ద ఎత్తున. ఇంగ్లండ్‌లో కెనెత్ విలియమ్స్ అనే హాస్యనటుడు 1942 నుంచి 1988లో చనిపోయే దాకా రాశాడు, 43 సంపుటాలు. "నా డైరీలో ఎక్కుతావ్ చూడు" అని స్నేహితులను బెదిరించేవాడట. 1993లో అచ్చయ్యాక ఆ మాటలు వాళ్లకు తగలనే తగిలాయి. ఇంకో ఇంగ్లీషు నటుడు అలన్ రిక్‌మన్ డైరీలు 2022లో వచ్చాయి. ఇరవైకి పైగా సంపుటాల్లోంచి ఏరి ఒక్క పుస్తకం చేశారు, చివర భార్య రీమా తన మాట కూడా రాసింది. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. ఆ ఇంట్లో ఉన్న మనిషి మాట కూడా పక్కనే ఉండాలి.

బర్టన్ డైరీలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన విషయం ఇక్కడే ఉంది. ఎలిజబెత్ ఆ డైరీ చదివేది. చదివి ఊరుకునేది కాదు, అప్పుడప్పుడు ఆయన పేజీల్లో తానే నాలుగు మాటలు రాసేది. అచ్చులో ఆ చోట్లను విడిగా చూపించారు. ఆయన ఒకటి అంటాడు, కింద ఆమె గొంతు వినిపిస్తుంది. అది చదివాక ఆ కాగితాల్లో ఇద్దరు మనుషులు కనిపించారు నాకు. 1983లో, విడాకులై ఏళ్లు గడిచాక, ఇద్దరూ మళ్లీ ఒకే నాటకంలో బ్రాడ్‌వే ఎక్కారు. ఆ రోజుల పేజీలు చదివేటప్పుడు పక్కన ఆమె రాత లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది.

మీరు ఈ పుస్తకం చదవదలుచుకుంటే 1939తోనే మొదలుపెట్టండి. ఆ పిల్లవాడిని చూడకుండా 1969లోకి పోతే, డబ్బున్న తాగుబోతు గొడవలాగా కనిపించి మధ్యలోనే వదిలేస్తారు. కింద క్రిస్ విలియమ్స్ రాసిన వివరాలు వదలకండి, సగం పేర్లు మనకు తెలియనివే.

ఇంట్లో పెద్దవాళ్ల డైరీలు ఉంటే మాత్రం నాలాగా ముందే ఫొటో తీయకండి. చదివి, అందులో పేరున్నవాళ్లు ఎవరు బతికున్నారో చూసి, వాళ్ల దగ్గర కూర్చోండి.

నేను ఆలస్యంగానైనా అది చేశాను. మా అవ్వకు చదువు రాదు. పెళ్లయినప్పటి నుంచి రాత్రిపూట బాపు ఏదో రాసుకోవడం చూసింది, ఏం రాస్తున్నావని ఒక్కనాడూ అడగలేదట. మొన్న దసరాకు ఖనికి పోయినప్పుడు తొమ్మిది డైరీలూ ముందేసుకుని ఒక్కో పేజీ చదివి వినిపించాను. "నా ముచ్చటేమన్న రాసిండా?" అని అడిగింది. వెతికితే 1986లో దొరికింది. "వరంగల్ పోటీకి పోయినం. బహుమతి రాలె. చౌరస్తాల చీర తీసుకున్న. 85 రూ. ఆమెకు నచ్చలె."

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నచ్చలేదని ఎవలన్నరు? పోటీల ఓడిపోయి వచ్చిండు, మొహం గుంజుకపోయున్నది. గసొంటప్పుడు చీర చూసి నవ్వుడెట్ల అని సప్పుడుజెయ్యక లోపల పెట్టిన. చినిగేదాంక కట్టిన. గిప్పుడు నువ్వు కూసున్న బొంత గదే."

బొంత మీద చెయ్యి పెట్టి చూశాను. పచ్చంచు ముక్క ఒకటి ఇంకా రంగు పోకుండా ఉంది. బాపు రాత కింద ఖాళీ జాగాలో పెన్సిల్‌తో రాశాను: "నచ్చింది. చినిగేదాక కట్టుకుంది. బొంతలో ఉంది. అవ్వ చెప్పింది."