పిల్లలతో మొదటిసారి ఓరియెంటీరింగ్‌కి వెళ్లొచ్చా? వెళ్లండి, కానీ మ్యాప్ మీరు పట్టుకోకండి

సియాటిల్ పక్కన బెల్వ్యూలో ఉంటాం, ఎనిమిదేళ్ల బాబు ఉన్నాడు, పక్కనే బ్రైడిల్ ట్రైల్స్ పార్కులో బిగినర్స్ కూడా రావచ్చని ఓరియెంటీరింగ్ (మ్యాప్, కంపాస్ చూసుకుంటూ అడవిలో గుర్తులు వెతుక్కునే ఆట) ఈవెంట్ పెడుతున్నారు, కంపాస్ చూడటం కూడా రాదు, తప్పిపోతామేమో అని అడిగారు కదా. తప్పిపోరు. అన్నిటికంటే తేలికైన వైట్ కోర్సు తీసుకోండి, అది మొత్తం ట్రైల్స్ మీదే ఉంటుంది, రెండు మూడు కిలోమీటర్లు, దారి మారాల్సిన చోట్ల దాదాపు అన్నిట్లో ఆరెంజ్, తెలుపు రంగుల గుడ్డ పెట్టె వేలాడుతూ కనిపిస్తుంది. వేలికి తొడుక్కునే ఒక చిన్న పుల్ల ఇస్తారు, దాన్ని అక్కడున్న డబ్బాలో పెడితే బీప్ అంటుంది, పిల్లలకి సగం సరదా ఆ బీప్‌లోనే ఉంది. కంపాస్ రాకపోయినా స్టార్ట్ దగ్గర వలంటీర్లు ఓపిగ్గా చూపిస్తారు, సియాటిల్ చుట్టుపక్కల ఇవి నడిపే కాస్కేడ్ ఓరియెంటీరింగ్ క్లబ్ వాళ్లు చలికాలంలో స్కూలు పిల్లలకి లీగే పెడతారు, కొత్తవాళ్లని చూసి విసుక్కునే మనుషులు కాదు.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. మన పేరెంట్స్‌ని నేను చాలాసార్లు చూశాను, స్టార్ట్‌లో మ్యాప్ పిల్లాడి చేతికి వస్తుంది, నాలుగడుగులు వేసేసరికి అది నాన్న చేతిలో ఉంటుంది, ఇంకాసేపటికి నాన్న ముందు, అమ్మ వెనక, మధ్యలో పిల్లాడు "ఇంకెంత దూరం" అని ఏడుపు మొహంతో. అలా వెళ్లేదానికి ఓరియెంటీరింగ్ ఎందుకండీ, మామూలుగా వాకింగ్‌కి వెళ్లండి. ఎటు పోవాలో నిర్ణయించేది పిల్లాడే కావాలి, మీరు వెనక నడవాలి, అడిగితే తప్ప నోరు తెరవకూడదు. ఇందులో నాకు ఏ మాత్రం అనుమానం లేదు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా నాన్నగారి వల్ల. ఆయన గుంటూరు జిల్లాలో సర్వేయర్‌గా చేసి రిటైర్ అయ్యారు, జీవితమంతా ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పటాలు) పట్టుకుని పొలాల్లో హద్దు రాళ్లు వెతికిన మనిషి. నవంబర్లో మా దగ్గర ఉన్నప్పుడు మా అమ్మాయితో పాటు ఆయన్నీ ఇదే పార్కుకి తీసుకెళ్లాను. మ్యాప్ చూడగానే ఆయన అడిగింది రంగుల గురించి, "అడవేమో తెల్లగా, బయలేమో పసుప్పచ్చగా వేశారేంట్రా" అని. పరిగెత్తడానికి అడ్డం లేని అడవి తెలుపు, చెట్టూ చేమా దట్టమయ్యే కొద్దీ ఆకుపచ్చ ముదురుతుంది అని ఒక వలంటీర్ చెప్తే నేను తెలుగులో చెప్పాను, "ఓహో, నడవడం ఎంత కష్టమో దాన్ని బట్టి రంగన్నమాట, బాగుంది" అని సంబరపడ్డారు. నేల ఎత్తుపల్లాలు చూపించే గోధుమ రంగు కాంటూర్ గీతలు మాత్రం ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆ పార్కు 489 ఎకరాలు, గుర్రాల కోసం వేసిన దారులు అడుగడుక్కీ చీలుతూ కలుస్తూ ఉంటాయి, రావెన్, ట్రిలియం, కయోటీ అని పేర్లున్న ట్రైల్స్ మూడైతే పేరు లేని అడ్డదారులు బోలెడు. అలాంటి ఒక కూడలి దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది. మ్యాప్‌ని అటూ ఇటూ తిప్పి "లెఫ్ట్ అనుకుంటా" అంది. నేను నోరు తెరవబోతుంటే నాన్నగారు చెయ్యెత్తి ఆపారు. పైన చూస్తే సియాటిల్ నవంబర్ ఆకాశం, సూర్యుడు ఎక్కడున్నాడో ఆనవాలే లేదు, ఎత్తైన ఫర్ చెట్లు, కింద మోకాళ్ల దాకా ఫెర్న్‌లు, ఎటు చూసినా ఒకేలా ఉంది.

"ముందు ఎటు పోవాలో కాదే అమ్మలూ, మనం ఎక్కడున్నామో తేల్చు" అన్నారు. "కళ్లు మూసుకో. బళ్ల చప్పుడు ఎటు నుంచి వస్తోంది?"

కాసేపు విని చెయ్యి చాపింది. "అది 405 తాతయ్యా, మనం వచ్చిన రోడ్డు."

"ఆ రోడ్డు ఈ కాగితానికి ఏ పక్కనుంటుంది?"

ఎడమ అంచు చూపించింది. 405 ఆ పార్కుకి పడమరన పోతుంది.

"అయితే ఆ అంచు చప్పుడు వైపుకి తిప్పి పట్టుకో, ఇప్పుడు చూడు."

తిప్పింది. తిప్పగానే కాగితం మీద దారులు, కళ్ల ముందు దారులు ఒకటైపోయాయి, "అరే, రైట్ తాతయ్యా!" అని అరిచింది. తర్వాత కంపాస్ పెట్టి చూసుకుంటే ఎర్ర ముల్లు మ్యాప్ మీద ఉత్తరం గీతలతో సరిగ్గా సమానంగా నిలబడింది. కుడివైపు వంపు తిరగ్గానే పెద్ద మోడు పక్కన ఆరెంజ్ పెట్టె, పరిగెత్తుకెళ్లి బీప్ కొట్టింది. అక్కడినుంచి ఫినిష్ దాకా ఒక్కసారి కూడా మా ఇద్దర్నీ అడగలేదు.

నాన్నగారు కారులో చెప్పిన మాట ఇంకోటి ఉంది. పొలంలో పూడిపోయిన హద్దు రాయి కోసం తిన్నగా ఆ రాయినే వెతికితే దొరకదట, ముందు కచ్చితంగా తెలిసిన గుర్తు, బావో పొలిమేర రాయో, దాన్ని పట్టుకుని అక్కడ్నుంచి కొలత గొలుసు వేసుకుంటూ రావాలట. పెద్ద కోర్సులు చేసేవాళ్లు అటాక్ పాయింట్ అనేది సరిగ్గా ఇదే, కంట్రోల్ (ఆ ఆరెంజ్ పెట్టె ఉండే చోటు) దగ్గర్లో తేలిగ్గా దొరికే చోటు ఒకటి ఎంచుకుని ముందు అక్కడికి పోతారు, ఆ తర్వాతే కంట్రోల్ వైపు తిరుగుతారు. మీ బాబుకి కూడా ఈ ఒక్క ముక్క చెప్పి పంపండి చాలు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. మనవాళ్లం ఇల్లు కొనేటప్పుడు ఈస్ట్ ఫేసింగ్ లేకపోతే రియల్టర్‌ని నెలల తరబడి తిప్పుతాం, వంటగది ఆగ్నేయంలో ఉందా అని కంపాస్ యాప్ పెట్టి మరీ చూస్తాం, అదే ఇంట్లో పెరిగే పిల్లల్ని మీ స్కూల్ ఇంటికి ఏ దిక్కునుందిరా అంటే తెల్లమొహం వేస్తారు. మా ఊళ్లో ఏ ముసలమ్మని దారి అడిగినా "రామాలయం దాటి ఉత్తరం పక్కకి పో నాయనా" అంటుంది. ఫోన్ "ఇన్ ఫోర్ హండ్రెడ్ ఫీట్, టర్న్ రైట్" అని చెప్తూ పోతే బుర్రలో ఊరి బొమ్మ ఎలా ఏర్పడుతుంది? నార్వేలో 1897లో జనం కోసం మొదటి పోటీ పెట్టినప్పుడు కావలసింది కాగితం, కంపాస్, కాళ్లు, ఇప్పటికీ అంతే, అందుకే నాకు ఈ ఆటంటే అంత ఇష్టం.

ఇంకోటి, చెట్టుకి పాచి ఉత్తరం వైపే పడుతుందని వీడియోల్లో చెప్పేది ఇక్కడ నమ్మకండి. మన వానలకి పాచి చెట్టు చుట్టూరా ఉంటుంది.

మీ రోజుకి కావలసినవి: స్టేట్ పార్కు కాబట్టి కారుకి డిస్కవర్ పాస్, తడిసినా పర్లేదనుకునే బూట్లు, గొడుగు వద్దు రెయిన్ జాకెట్ (గొడుగు ఒక చేత్తో పట్టుకుంటే మ్యాప్ తిప్పలేరు), పొడుగు ప్యాంటు ఎందుకంటే బ్లాక్‌బెర్రీ ముళ్లు, దురదగొండి లాంటి నెటిల్స్ ట్రైల్ అంచుల్లోనే ఉంటాయి. బాబు మెడలో ఒక విజిల్ వేయండి. పెట్టె కనపడగానే బీప్ కొట్టేయకుండా దాని మీద నంబర్ మీ కాగితంలో ఉన్నదేనా అని చూసుకోమనండి, ఒకే అడవిలో వేరే కోర్సుల పెట్టెలు కూడా ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, బాబు అలిసిపోయి మధ్యలో ఆపేసినా సరే ఫినిష్ దగ్గరికి వెళ్లి ఆ పుల్ల ఇచ్చి మేం వచ్చేశాం అని చెప్పే ఇంటికి వెళ్లండి, లేకపోతే మీరింకా అడవిలోనే ఉన్నారనుకుని ఆ వలంటీర్లు వానలో మీ కోసం వెతుకుతూ తిరుగుతారు.