“నాటకమే కదా” అన్న మాటకు జవాబు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: నా వయసు నలభై ఆరు సంవత్సరాలు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాము. మూడు నెలల క్రితం మా అత్తగారిని తీసుకొని శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో సత్య హరిశ్చంద్ర పద్యనాటకానికి వెళ్ళాను. నాకు నాటకాల మీద ఆసక్తి ఏమీ లేదు, ఆవిడ అడిగారని వెళ్ళాను. కాటి సీనులో హరిశ్చంద్రుడి పాత్రధారికి ఒక పద్యం నడుమ గొంతు పట్టేసి ఆగిపోయారు. హార్మోనియం వాయిస్తున్న పెద్దాయన తల ఎత్తి ఆయన వైపు చూస్తూ, ఆ స్వరాన్ని వదలకుండా అలాగే పట్టి ఉంచారు. ఆ నటుడు ఊపిరి తీసుకొని ఎత్తుగడ అందుకునేసరికి నాకు ఏడుపు వచ్చింది, తెర పడేదాకా ఆగలేదు. రెండేళ్ళ క్రితం మా నాన్నగారు పోయినప్పుడు, వచ్చిపోయేవారికి కాఫీలు, పెద్దకర్మ వంటలు, బ్యాంకు కాగితాలు చూసుకోవడంలో నేను కంటతడి పెట్టలేదు. ఆ రాత్రి మొదలు గుడి మైకులో హార్మోనియం వినబడినా నాకు గొంతు పూడుకుపోతున్నది. మావారు “నాటకమే కదా” అంటున్నారు. అదే పద్యాన్ని యూట్యూబ్‌లో పదిసార్లు విన్నాను, ఏమీ కలగలేదు. ఇది బలహీనతేనా? ఆ నాటకం మళ్ళీ చూడవచ్చునా, లేక చూస్తే ఉన్నది కాస్తా పోతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, బలహీనతేమో అన్న మీ సందేహాన్ని ముందుగా తీర్చి పక్కన పెడతాను. దుఃఖం వల్ల నిద్ర, తిండి, రోజువారీ పని చెడిపోతూ ఉంటే వైద్యుణ్ణి కలవడం మంచిది. మీరు రాసినదానిలో అటువంటి జాడ నాకు కనిపించలేదు. హార్మోనియం వింటే గొంతు పూడుకుపోవడం అనారోగ్యం కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన విషయం వేరొకటి ఉన్నది. మూడు గంటలకు పైగా సాగిన నాటకంలో నుంచి మీరు ఏరి రాసినది రెండు మూడు క్షణాల మౌనాన్ని. ఆ మౌనాన్ని నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాయలేదు, దర్శకుడు చెప్పలేదు, ఆ నటుడు కూడా కోరుకోలేదు. రంగస్థలం మీద పద్యానికి పాటకు ఉన్నట్లుగా తాళం కట్టుబాటు ఉండదు. పాదాన్ని ఎక్కడ విరవాలో, రాగాన్ని ఎంత సాగదీయాలో ఆ పూట గొంతును బట్టి, ఎదుట కూర్చున్న జనాన్ని బట్టి నటుడు అప్పటికప్పుడు నిర్ణయించుకుంటాడు, హార్మోనిస్టు ఆ నటుడి నోటి వంకే చూస్తూ అతని వెంట నడుస్తాడు. అందువల్ల గొంతు ఆగినప్పుడు అది తిరిగి వస్తుందో రాదో ఆ హాలులో ఎవరికీ తెలియదు. హరిశ్చంద్రుడి కోసం పడుతున్న ఆరాటమూ, అతని వేషం వేసిన మనిషి కోసం పడుతున్న ఆరాటమూ ఆ క్షణంలో కలిసిపోయి ఉంటాయి. ఆ పెద్దాయన స్వరాన్ని పట్టి నిలబెట్టినప్పుడు ఒక మనిషిని మరొక మనిషి ఆదుకోవడం మీరు కళ్ళారా చూశారు. యూట్యూబ్‌లో విన్న పద్యంలో ఆ గొంతు చివరిదాకా నిలుస్తుందని మీకు ముందే తెలుసు, అది తడబడుతుందేమోనన్న భయం లేదు, పక్కన ఊపిరి బిగబట్టి కూర్చున్న జనం లేరు. మీ మనసు మొద్దుబారిందని అనుకోకండి. మీకు కావలసినది ఆ రికార్డులో లేదు, అంతే.

మన పూర్వులు ఈ సంగతిని చాలా శ్రద్ధగా ఆలోచించారు. నాట్యశాస్త్రంలో భరతుడు సాత్త్విక భావాలను, అంటే మనసు కదిలినప్పుడు ఒంటి మీద తెలిసే గుర్తులను, ఎనిమిదిగా చెప్పాడు. స్తంభం (కొయ్యబారడం), స్వేదం (చెమట), రోమాంచం, స్వరభేదం, వేపథువు (వణుకు), వైవర్ణ్యం (రంగు మారడం), అశ్రువు, ప్రళయం (స్పృహ తప్పడం) అన్నవి అవి. గొంతు మారిపోవడాన్నీ, కన్నీటినీ ఆయన ఒకే వరుసలో ఉంచాడు. ఆ రాత్రి స్వరభేదం వేదిక మీద కలిగింది, అశ్రువు మీ దగ్గర కలిగింది. శోకం స్థాయిగా, అంటే మూలభావంగా, గల కరుణ రసాన్ని చూసి జనం ఎందుకు పారిపోరు, మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తారు అన్న ప్రశ్నకు రసాన్ని చర్చించిన పండితుడు భట్టనాయకుడు సాధారణీకరణం అన్న మాటతో జవాబు చెప్పాడు, కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు దానిని విస్తరించాడు. వేదిక మీది దుఃఖానికి “ఇది నాది”, “ఇది పరాయివాడిది” అన్న గుర్తులు తొలగిపోతాయని వారి భావం. అభినవగుప్తుడు మరొక మాట కూడా అన్నాడు, మీ విషయంలో నాకు అదే ముఖ్యంగా తోస్తున్నది. నాటకం చూసేవాడిలో అంతకు ముందే వాసన రూపంలో, అంటే పాత అనుభవాల ముద్రగా, అణగి ఉన్న భావాన్నే నాటకం మేల్కొలుపుతుందట. రెండేళ్ళుగా కాఫీ గ్లాసుల కింద, బ్యాంకు కాగితాల కింద అణగి ఉన్నది మీ నాన్నగారి మీద మీకున్న దుఃఖమే. అది నాటకం తెచ్చిపెట్టినది కాదు. కూతురు నలుగురి ముందు దిటవుగా ఉండవలసిన పని అక్కడ లేకపోవడం వల్ల, చీకట్లో, మీలాగే కళ్ళు తుడుచుకుంటున్న వందమంది నడుమ అది బయటికి వచ్చింది.

హార్మోనియం సంగతికి ఇప్పటి శాస్త్రం చెప్పే కారణం కూడా తేలికగానే అర్థమవుతుంది. గాఢమైన ఉద్వేగం కలిగినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ వంటి రసాయనాలు విడుదలై, మెదడులోని అమిగ్డాలా అన్న భాగం చురుకెక్కి, జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ చేత ఆ క్షణాన్ని గట్టిగా అచ్చు వేయిస్తుంది. అప్పుడు చెవిన పడిన ధ్వని, ముక్కుకు సోకిన వాసన కూడా ఆ జ్ఞాపకానికే అంటుకుని ఉంటాయి. గుడి మైకులో హార్మోనియం వినబడగానే మీ దేహం ఆ రాత్రికి వెళ్ళి వస్తున్నది. కాలం గడిచిన కొద్దీ ఆ తాకిడి మెత్తబడవచ్చును గాని, పూర్తిగా పోవాలని మీరు కోరుకోనక్కరలేదు.

మరొక విషయం కూడా చెప్పాలని ఉన్నది. కాటి సీనులో వినిపించే పద్యాలన్నీ ఆ నాటకంలోనివి కావు. వినుకొండలో 1895లో పుట్టి 1971లో గుంటూరులోనే కన్నుమూసిన గుఱ్ఱం జాషువా గారు శ్మశానవాటి మీద వేరుగా రాసిన పద్యాలను నటులు ఇష్టపడి తెచ్చి హరిశ్చంద్రుడి నోట పలికించారు. జనం వాటిని విడవకపోవడంతో అవి నాటకంలోనే నిలిచిపోయాయి. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి, ఆ భేదానికి తావులేని చోటు ఇదొక్కటేనని శ్మశానాన్ని గురించి రాసిన మాటలను, సింహాసనం పోగొట్టుకొని వీరబాహుడి దగ్గర కాటికాపరిగా నిలిచిన రాజు పాడుతున్నప్పుడు, ఆ దుఃఖం ఒక్క హరిశ్చంద్రుడి ఇంటిది మాత్రమే కాకుండా పోతుంది. మీకు కలిగిన కదలిక వెనుక ఆ బరువు కూడా ఉన్నదని నేను అనుకుంటున్నాను. మీవారు “నాటకమే కదా” అన్నప్పుడు కోపం తెచ్చుకోకుండా, ఈసారి ఆయనను ఆ హాలుకు తీసుకువెళ్ళండి.

ఇక మళ్ళీ చూడవచ్చునా అన్న ప్రశ్న. తప్పక చూడండి. మన ప్రాంతంలో కథ తెలియక నాటకానికి వెళ్ళినవారు ఎప్పుడూ లేరు. చంద్రమతి మెడలోని మంగళసూత్రం భర్త కంటికి మాత్రమే కనబడుతుందని, దానివల్లనే అతడు ఆమెను గుర్తుపడతాడని పిల్లలకు కూడా తెలుసు. తెలిసినదాని కోసమే రాత్రంతా మేలుకొనేవారు. నచ్చిన పద్యానికి “వన్స్ మోర్” అని కేకలు వేసేవారు, శవం పక్కన కూర్చున్న తండ్రి కూడా జనం కోరారని పద్యాన్ని మళ్ళీ ఎత్తుకునేవాడు. చదువుకునే రోజుల్లో నాకు ఆ అలవాటు మీద చాలా కోపం ఉండేది. శోకాన్ని తెగ్గొట్టి చప్పట్లు దండుకోవడం కళకు ద్రోహమని వాదించేవాణ్ణి. చప్పట్ల కోసం రాగాన్ని అవసరానికి మించి సాగదీసే నటులను ఇప్పటికీ నేను ఒప్పుకోను. కాని రెండోసారి అడిగేవారిని మాత్రం ఇప్పుడు తప్పుపట్టలేను. మా నాన్నగారు తెనాలి దగ్గరి మా ఊళ్ళో చాప మీద కూర్చొని, తెల్లవారుజామున కాటి సీను వచ్చేసరికి కండువాతో ముఖం కప్పుకొనేవారు. ఇంట్లో ఆయన కళ్ళలో నీళ్ళు నేను ఏనాడూ చూడలేదు. నాకంటే ముందు పుట్టి చిన్నతనంలోనే పోయిన ఒక అన్నయ్య ఉండేవాడని, హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడి శవం దగ్గర ఆయన ఎవరిని చూసుకొనేవారో అమ్మ నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత చెప్పింది. ఆ నాటకాన్ని ఆయన ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు, ఒక్కసారి కూడా అది తరిగిపోలేదు.

అయితే ఒక్క మాట. ఆ నటుడికి మళ్ళీ గొంతు పట్టేస్తుందని ఎదురుచూడకండి. ఆ రాత్రి ఆ రాత్రితోనే పోయింది. మరో రాత్రి మరొక చోట, బహుశా మీరు ఊహించని పద్యం దగ్గర, మనసు కదులుతుంది. కదలకపోయినా నష్టం లేదు. సెల్‌ఫోనులో పట్టుకొని దాచుకోవాలని మాత్రం చూడకండి, తెరలోకి చూస్తూ ఉంటే ఎదుట ఉన్నది జారిపోతుంది.

మీ పక్కన కూర్చున్న అత్తగారిని గురించి మీరు ఒక్క మాటే రాశారు. ఆవిడ ఈ నాటకాన్ని మొదట ఎక్కడ, ఎవరితో కలిసి చూశారో అడిగి చూడండి. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన రంగస్థల నటుడు ఈలపాట రఘురామయ్య గారు 1975లోనే కన్నుమూశారు. ఆయన కృష్ణుడి వేషంలో వేలు నాలుక కింద పెట్టి పద్యాన్ని ఈలతో వినిపించిన రాత్రిని, ఆ పందిరి, ఆ పెట్రోమాక్సు వెలుగుతో సహా చెప్పగలిగే పెద్దలు మన చుట్టూ ఇంకా ఉన్నారు. ఆవిడే మిమ్మల్ని నాటకానికి తీసుకువెళ్ళమని అడిగారంటే ఏదో ఒక రాత్రి ఆవిడ దగ్గర కూడా భద్రంగా ఉండి ఉంటుంది.

ప్రశ్న: విజయవాడ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో సురభి వారి మాయాబజార్ నాటకానికి మా పదమూడేళ్ళ అబ్బాయిని తీసుకువెళ్ళాను. అందులో పాటలు, పద్యాలు మనసుకు పడతాయని ఆశపడ్డాను. ఇంటికి వస్తూ వాడు అడిగినది ఒక్కటే, “తాడు ఎక్కడ కట్టారు నాన్నా?” అని. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. వాడిని కదిలించి మాట్లాడించాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండి. ఎలా ఉంది, ఏం నేర్చుకున్నావు అని అడిగితే అతడు బడిలో అప్పజెప్పినట్లు అప్పజెబుతాడు. మీరు నిరాశపడిన ఆ ప్రశ్న నాకు చాలా విలువైనదిగా కనబడుతున్నది. అద్భుత రసానికి స్థాయీభావం విస్మయం. తాడు ఎక్కడ కట్టారని అడిగిన పిల్లవాడు, తాడు ఉన్నదని తెలిసి కూడా మనిషి గాలిలో తేలడాన్ని తన కళ్ళతో చూసి ఆశ్చర్యపోయినవాడే. సినిమా చూసి వచ్చిన పిల్లలు ఆ ప్రశ్న వేయరు, కంప్యూటరులో చేసి ఉంటారని వారికి ముందే తెలుసు.

సురభి నాటకం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచక వధ ప్రదర్శించడంతో మొదలైంది. అప్పటి నుంచి తరతరాలుగా ఆ కుటుంబాల వారే వేషాలు వేస్తున్నారు, తెరలు లాగుతున్నారు, హార్మోనియం వాయిస్తున్నారు. మీ అబ్బాయి ఈడు పిల్లలు, అంతకంటే చిన్నవాళ్ళు కూడా అక్కడ వేషం కట్టి పాడతారు. మళ్ళీ ప్రదర్శన ఉన్నప్పుడు కొంచెం ముందుగా వెళ్ళి, వేదిక దగ్గర ఉన్నవారిని మర్యాదగా అడిగి, వీలు పడితే ఆ తాడును అతనికి చూపించండి. చూసిన తర్వాత కూడా నాటకం మొదలై ఆ మనిషి పైకి లేచినప్పుడు, మీరు వేదిక వైపు కాకుండా ఒక్క క్షణం మీ అబ్బాయి ముఖం వైపు చూడండి.

ఎప్పుడైనా స్నానం చేస్తూనో, సైకిలు తుడుస్తూనో అతడు ఆ నాటకంలోని పాట ముక్క ఒకటి కూనిరాగం తీస్తే, మాటలు తప్పు పలికినా అప్పుడే దిద్దకండి.